కత్తెర మామయ్య కూతురి జుట్టు

వీధిలో పిల్లలంతా అతన్ని కత్తెర మామయ్య అంటారు. రెండు కుర్చీలు, ఒక పొడుగాటి అద్దం, గోడ వెంట చెక్కబల్ల, ఇంతే అతని సెలూను. ఆ బల్ల మహిమ ఏమిటో గానీ, దానిమీద కూర్చున్న తల్లీ తండ్రీ ఎవరైనా సరే, పిల్లల పెంపకం గురించి ఒక సలహా పారేయకుండా లేవరు. "గిన్నె పట్టుకుని వాడి వెంటపడకండి, ఆకలేస్తే వాడే వస్తాడు" అంటుంది కవలల తల్లి. "సూది వేయించడానికి తీసుకెళ్తూ పార్కుకని అబద్ధం చెప్పకండి, రేపు నిజంగా పార్కుకే అన్నా నమ్మడు" అంటాడు బ్యాంకు గుమాస్తా. ఉచితంగా ఇచ్చేది కాబట్టి సలహా దగ్గర ఎవరూ పిసినారితనం చూపించరు.

కత్తెర మామయ్యకి పేరు తెచ్చింది మాత్రం ఒకే ఒక్క సంగతి. అతని కుర్చీలో పిల్లలు ఏడవరు. ఆ ఒడుపు అతను పుట్టుకతో తెచ్చుకున్నదేం కాదు, అదీ ఆ బల్లమీద దొరికిందే. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ఒక బస్సు డ్రైవరు, "మావాణ్ణి ఎత్తుకునే ముందు ఎత్తుకుంటున్నా అని చెప్తానండీ. ఊరికే ఉలిక్కిపడడు. బస్సులోనూ అంతేగా, మలుపు వస్తోందని తెలిస్తే ఎవడూ తూలడు" అన్నాడు. ఆ మాట అతని బుర్రలో నాటుకుపోయింది. అప్పటినుంచీ చంటిపిల్లాడు ఎక్కినా సరే, "ఇప్పుడు కత్తెర చెవి వెనక్కి వస్తుంది. రానివ్వనా?" అని అడుగుతాడు. "ఆగు" అంటే ఆగుతాడు. వెనక ఎంతమంది కాచుకుని ఉన్నా ఆగుతాడు.

బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటారే, అదీ అతని బతుకు. అతనికి ఐదేళ్ళ కూతురుంది. బుడంకాయ అని పిలుస్తారు. ఆ పిల్ల తండ్రి చేతిలో దువ్వెన కనబడితే చాలు, మంచం కిందికి దూరిపోతుంది. పోయినసారి తల్లి చేతులు పట్టుకుంటే, తను గడ్డం పట్టుకుని ముందు జుట్టు కత్తిరించాడు. పిల్ల గింజుకుంది. చెవి అంచు తెగి రక్తం వచ్చింది. చిన్న గాటే, మానిపోయింది కూడా. కానీ ఆ తర్వాత అతను బుగ్గ నిమరబోయినా ఆ పిల్ల ముందు చెవి మూసుకునేది. అది చూసినప్పుడల్లా అతని ప్రాణం ఉసూరుమనేది.

"ఊరి పిల్లలందరికీ మామయ్య, కన్నకూతురికి మాత్రం బూచాడు" అని ఒకరోజు భార్య అనేసింది. పరిహాసానికే అంది. అతనికి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

ఈలోగా పిల్ల జుట్టు కళ్ళలో పడుతోంది. పలక మీద ఏముందో కనబడటం లేదని బళ్ళో పంతులమ్మ కబురు చేసింది. ఆదివారం పొద్దున్నే భార్య బుడంకాయని తెచ్చి సెలూను బల్లమీద కూర్చోబెట్టి, "నేను బేకరీకి పోవాలి, ఎలాగైనా మీరే కానివ్వండి" అని పనికి వెళ్ళిపోయింది.

అప్పుడు కుర్చీలో గుమాస్తా కొడుకు ఉన్నాడు. "నుదుటి దగ్గరికి వస్తున్నా బాబూ, రానివ్వనా?" అన్నాడు కత్తెర మామయ్య. "ఆగు, తుమ్మొస్తోంది" అన్నాడు వాడు. కత్తెర ఆగింది. తుమ్ము మాత్రం రాలేదు. అందరూ నవ్వారు. బుడంకాయ నవ్వలేదు. కళ్ళమీద జుట్టు తోసుకుని అలాగే చూస్తూ కూర్చుంది.

తన వంతు రాగానే బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఇంకేముంది, సలహాలు మొదలయ్యాయి. "ఫోనులో బొమ్మలు పెట్టండి" అన్నాడు గుమాస్తా. "బిస్కట్టు ఆశ చూపించండి" అంది కవలల తల్లి. కత్తెర మామయ్యకి తల కొట్టేసినట్టయింది. పేరున్న వాడి పరువు పోయేది ఇలాంటప్పుడే. గబుక్కున పిల్లని ఎత్తి కుర్చీలో కూలేసి, గడ్డం పట్టి తల తిప్పి, "కదలకు!" అన్నాడు.

బుడంకాయ ఏడవలేదు. చెవి మూసుకుని, అద్దంలోంచి తండ్రిని చూసి, "ఆ అబ్బాయిని అడిగావుగా నాన్నా. నన్ను అడగవేం?" అంది.

"నువ్వు నా కూతురివేగా" అన్నాడు అతను.

"అయితే?"

నిజం చెప్పాలంటే, ఉన్న ఓర్పంతా పగలు కొట్లో ఖర్చుపెట్టేసి ఇంటికి పోయేవాడు. మన పిల్లే కదా, అడిగేదేముంది అనుకునేవాడు. సొంతం అనుకున్నచోటే మనిషికి మర్యాద గుర్తుండదు. అతను గడ్డం మీంచి చెయ్యి తీసేశాడు.

"కళ్ళ దగ్గరికి వస్తానమ్మా. రానివ్వనా?"

"వద్దు."

బల్లమీద అందరూ ఒక్కసారే అందుకున్నారు. పిల్ల మాటకేం గానీ పట్టుకోండి, రెండు నిమిషాల పని, ఇలా అయితే నెత్తికెక్కుతుంది. "వద్దందిగా" అన్నాడు కత్తెర మామయ్య. కూతుర్ని దింపి, జుట్టు పైకి దువ్వనా అని అడిగి, ఒప్పుకున్నాక క్లిప్పు పెట్టాడు.

సాయంత్రం భార్య తల పట్టుకుంది. "ఒక్క పని చెప్తే అదీ చేతకాలేదు" అంది. మర్నాడు అతను కూతుర్ని మళ్ళీ అడిగాడు, వద్దంది. తర్వాతా అడిగాడు, అప్పుడూ వద్దంది. ఆ పిల్లకి వద్దనడం ఎంత బావుందో చెప్పలేం. క్లిప్పుల మీద క్లిప్పులు పెట్టుకుని బడికి పోయేది. అతనికి మాత్రం లోపల దిగులు. ఈ పిల్ల ఇక ఎప్పటికీ సరేనంటుందా?

ఒక మధ్యాహ్నం సెలూను ఖాళీగా ఉన్నప్పుడు బుడంకాయ వచ్చి, ఎవరూ ఎత్తకుండానే కుర్చీ ఎక్కి కూర్చుంది. అతను ప్రతిదీ అడిగాడు. నుదురు, మెడ, చివరికి ఆ చెవి. చెవి దగ్గర ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి "ఊఁ" అంది.

అంతా అయిపోయి, కత్తెర పక్కన పెట్టి, మెడమీద వెంట్రుకలు దులపబోతుంటే "ఆగు!" అని అరిచింది. అతను ఉలిక్కిపడి చెయ్యి గాల్లోనే ఆపేశాడు.

"ఏమైంది తల్లీ? నొప్పెట్టిందా?"

"లేదు. ఆగుతావో లేదో చూశా" అంది బుడంకాయ, అతని పొట్టకి తల ఆనించి.