నడుము ఎత్తు బొగ్గుల పొయ్యి

మా వంశంలో కొన్నేళ్లకొకసారి అమ్మవారికి బలిచ్చే దేవర జరిగినప్పుడు పొట్టేలు కార్జాన్ని వేరుగా తీసి, ఉప్పు మాత్రం రాసి, నిప్పుల మీద కాలుస్తారు. మొదటి ముక్కను ఇంటి ఆడపడుచుల్లో పెద్దామె తన చేత్తో వంశానికి పెద్ద అయినవాడి చేతిలో పెడుతుంది. ఆ ముక్క ఎవరి చేతిలో పడితే మళ్లీ దేవర దాకా వాడి మాటే చెల్లుతుంది. పెళ్లి కుదుర్చుకునే ముందు వాడినే అడుగుతారు. గట్టు తగాదా వస్తే వాడి వాకిట్లోనే కూర్చుంటారు. మా తాత తరువాత మా నాయన చేతిలో, ఆయన తరువాత నా చేతిలో అది పడుతూ వచ్చింది. మా భూములు పోయాయి. బోర్లు ఎండాయి. మిగిలిన చేలల్లో కంపచెట్లు మొలిచాయి. అయినా ఆ ముక్క నాదే. ఇన్నాళ్లూ ఊళ్లో ఎవరూ కాదనలేదు.

కాదన్నవాడు మా చిన్నాయన కొడుకు. చిలమత్తూరు పక్క ప్లాట్లు వేసి అమ్మి, వచ్చినదానితో మా ఊరి రోడ్డు మీద మేడ కట్టాడు. ఈసారి దేవర మాట వచ్చినప్పుడు మా మేనత్తను వెంటబెట్టుకుని నా ఇంటికి వచ్చాడు. వంశంలో మిగిలిన పెద్ద ఆడపడుచు ఆమే.

“అన్నా, ఈ తూరి మా ఇంటికాడ పెట్టుకుందాం. నీ పెరడంతా బండలే గదా. నిప్పుల గుంత యాడ తవ్వుతావు?” అన్నాడు.

“యాడైతే నాకేమప్పా,” అంది అత్త. “ఎవరి పెరట్లో నిప్పులు పెడితే వాడే పెద్ద. మా నాయన కాలం నుంచీ అదే లెక్క.”

“అన్న పెరట్లో నిప్పులు పెట్టల్లంటే వదిన గ్యాస్ పొయ్యి ఎనక్కి మోసుకపోవల్ల,” అని వాడు నవ్వాడు.

“నా పెరట్లోనే జరుగుతాది. పొయ్యి నేను తెస్తా,” అన్నాను.

ఇదివరకు గుంత తవ్విన మట్టి పెరడు భూములతోనే పోయింది, మిగిలిన పాత ఇంటి బండలను వాడి మాటకు లేపేది లేదు. అందుకని బండల మీద పెట్టే బొగ్గుల పొయ్యి కోసం అనంతపురం పోయాను. ఇనుప సామాన్ల అంగడివాడు ముందు కాళ్లు మడిచే రకం ఒకటి తెచ్చి పెట్టాడు. బొటనవేలితో నొక్కితే నూనె డబ్బా రేకులా లోపలికి పోయి, టప్పుమని మళ్లీ బయటికి వచ్చింది. తరువాత మూత, చక్రాలు ఉన్న ఎర్రటిది ఒకటి చూపించాడు. చూడడానికి బాగుంది. ధర విని పక్కకు జరిగాను. వాడు కనిపెట్టాడు.

“పిల్లోల్ల పార్టీకా అన్నా?”

“దేవరకు.”

“దేవరకా? అట్లయితే చక్రాలుండేదే తీస్కో. అమ్మవారి కాడికి తోసుకపోవచ్చు.”

“నీ రేకు కన్నా నీ నోరే గట్టిగా ఉండాది. దాన్ని అమ్ముకో,” అని చెప్పి వచ్చేశాను.

చౌకగా మంచి పొయ్యి కావాలనుకునేవాళ్లు రంగు చూడకూడదు, మూత చూడకూడదు. అడుగు రేకు మందం చూడాలి. పలుచటి రేకు వేడికి వంకరపోతుంది. అప్పుడు నిప్పులన్నీ ఒక మూలకు జారి, ఆ మూల మాంసం మాడుతుంది, ఈ మూల నెత్తురు కారుతుంది. బొగ్గుకూ పైన కమ్మీలకూ మధ్య జానెడు ఎడం ఉండాలి. కింద గాలి రంధ్రాలు ఉండాలి, వాటిని మూయడానికి జరిపే పలక ఉండాలి. గాలి మన చేతిలో లేని పొయ్యి ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. జింకు పూత ఉన్న రేకు ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. ఆ పొగ మంచిది కాదు.

ఇవన్నీ ఉన్నదాని ధర అంగడిలో నాకు అందలేదు. బత్తలపల్లెలో వెల్డింగు షెడ్డుకు పోయాను. అక్కడివాడు నిలువునా చీల్చిన అర డ్రమ్ము చూపించాడు.

“దీంట్లో ముందు ఏముండె?” అని అడిగాను.

“తారు అన్నా. రెండు తూర్లు మంటేస్తే పోతాది.”

“మీ ఇంట్లో దేవరకు పెట్టుకో.”

వాడి షెడ్డు వెనక పాత ట్రాక్టరు ట్రాలీ అడుగు రేకు పడి ఉంది. తుప్పు పైపైనే ఉంది, లోపల గట్టి ఇనుము. దాన్ని కోయించి, పెట్టెలా అతికించి, పైన కమ్మీలు వేలి సందు చొప్పున వేయించాను. అంగడిలో రేకు డబ్బాకు అడిగిన ధరకే ఇది వచ్చింది.

“ఎత్తెంత పెట్టమంటావన్నా?” అన్నాడు.

“నేను వంగకుండా నిలబడేటంత.”

వాడు నా నడుముకు టేపు పెట్టి కొలిచి కాళ్లు అతికించాడు.

బొగ్గు కూడా చూసి తీసుకున్నాను. కంపచెట్ల బొగ్గు మా పక్క ఎక్కడైనా దొరుకుతుంది. ఒకదానితో ఒకటి కొడితే ఖణేలుమనాలి. మెత్తగా మోగితే లోపల కట్టె కాలకుండా మిగిలిందన్నమాట, అది పొగ వదులుతుంది. బస్తా అడుగున పొడి నింపి తూకం వేస్తారు. నేను బస్తా కుమ్మరించి ఏరుకున్నాను. అమ్మేవాడు మొహం చిట్లించుకున్నాడు. చిట్లించుకోనీ.

కొత్త పొయ్యిని ముందు ఒట్టిదే కాల్చాలి. నేను కాలుస్తుంటే నా భార్య వంటింటి గడప మీద నిలబడి, “దేవరకు ఉత్త నిప్పులే వడ్డిస్తారా?” అంది. మరునాడు కోడిని కాల్చాను. పైన నల్లబడింది, ఎముక దగ్గర పచ్చిగా ఉంది. “కుక్కకేస్తే అదిగూడా వాసన చూసి పోయింది,” అని వచ్చి చెప్పింది. మంట ఆరి, బొగ్గు మీద బూడిద తెల్లగా కమ్మేదాకా మాంసం పెట్టకూడదని ఆ కోడితో తెలిసింది. తరువాతి కోడిని ఆమె మాట్లాడకుండా తినింది.

ముందు కాలంలో మా నిప్పుల దగ్గర పని మా చేలు చేసేవాళ్లది. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఫ్యాక్టరీ బస్సులెక్కి పోతున్నారు. పిలిస్తే రారని తెలుసు, అందుకే పిలవలేదు. దేవరకు ముందు మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు.

“అన్నా, హిందూపురం నుంచి కబాబులు కాల్చేటోన్ని పంపిస్తా. ఆ పొగలో నీకెందుకు పాపం.”

“నీ మనిషి నా నిప్పు ముట్టుకునేది లేదు.”

“సరే అన్నా. నీ ఇష్టం,” అన్నాడు. ఇంకొక మాట అడగలేదు. వాడు తగ్గాడని అనుకున్నాను.

దేవర నాడు పొద్దున అమ్మవారి దగ్గర పొట్టేలు తెగింది. కార్జం, దాంతోపాటు తక్కిన మాంసం నా పెరట్లోకి వచ్చాయి. వంశమంతా వచ్చి బండల మీద నిలబడింది. పొయ్యి నేను అనుకున్నట్టే పని చేసింది. పొగ లేదు, మంట లేదు, ఎర్రటి నిప్పు ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా ఉంది. బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. తెల్ల చొక్కా వేసుకుని, పటకారు పట్టుకుని, నిటారుగా నిలబడి ముక్కలు తిప్పాను. అత్త కుర్చీలో కూర్చుంది. ఆమె పక్క కుర్చీలో వాడు కూర్చున్నాడు.

మొదటి ముక్క ఆకులో పెట్టి అత్తకు ఇచ్చాను. పటకారు పక్కన పెట్టి, తువ్వాలుతో చేయి తుడుచుకుని, ఆమె ముందు చాచాను.

అత్త నా చేతిని చూసింది. గీతల్లో మసి ఇంకా ఉంది.

“కాల్చినోడు కడాకు తింటాడు నాయనా,” అంది.

అది మా ఇంటి నియమమే. నిప్పుల దగ్గర పని చేసినవాడికి అందరూ తిన్నాకే ముక్క. ఆ మాట నేనే ఎందరికో చెప్పి పక్కకు పంపాను. చెప్పినందుకు నాకు విచారం లేదు. అది నాకు చెప్పే మాట అని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

“ఇది నా పెరడు అత్తా.”

“పెరడు నీదే. ఎవరు కాదన్యారు? పటకారు పట్టినోనికి పెద్దరికం యాడన్నా ఇస్తారా అప్పా? మీ నాయన ఎప్పుడన్నా నిప్పుకాడ నిలబన్యాడా?”

మా చిన్నాయన కొడుకు కుర్చీలో ముందుకు జరిగాడు.

“వద్దులే అత్తా, అన్నకే పెట్టు,” అన్నాడు. అంటూనే అరచేయి చాచాడు. అత్త ముక్కను అందులో పెట్టింది.

నిప్పుల మీద నీళ్లు కుమ్మరించి లోపలికి పోవచ్చు. పోతే ఏడవడానికి పోయాడంటారు. పటకారు తీసుకున్నాను.

“కొంచెం ఎర్రగా కాల్చన్నా. మా పిల్లోల్లకు పచ్చిది పడదు,” అన్నాడు వాడు నములుతూ.

ఎర్రగా కాల్చాను. వంశంలో ప్రతి ఒక్కరూ ఆకు పట్టుకుని నా ముందుకు వచ్చారు. నిన్నటిదాకా నా ఎదుట కుర్చీలో కూర్చోనివాళ్లు కూడా, “నాకు ఆ పక్కది ఎయ్యి,” అని వేలు చూపించారు. వేశాను. నా భార్య గడప దాటి రాలేదు.

“పొయ్యి బలే కుదిరింది,” అన్నాడు వాడు చేయి కడుక్కుంటూ. “వచ్చే దేవరకు ట్రాక్టర్లో ఏసుకుని మా ఇంటికాడికి తీసకపోదాం. నువ్వు గూడా దాంతోనే రా అన్నా. నీ చేయి మంచిది.”

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు నవ్వారు. అత్త కూడా నవ్వింది.

అందరూ తిన్నాక కమ్మీల మీద ఒక ముక్క మిగిలింది. ఎండి తోలులా అయింది. వాళ్లంతా చూస్తుండగా నిలబడే నమిలి మింగాను.

“ఉప్పు సరిపోయిందా నాయనా?” అని అడిగింది అత్త.

సరిపోయిందని చెప్పాను.