నూకరాజు పూరించని మూడు ఖాళీలు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. ఎవరైనా ఏదో చూశామంటే, అప్పుడు వెలుతురు ఎంత ఉంది, పక్కన ఇంకెవరున్నారు అని అడగడం నా అలవాటు. ఈ అనుభవాన్నీ అలాగే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. జవాబు దొరకలేదు కనుకనే రాస్తున్నాను.

రెండువేల దశకం తొలి సంవత్సరాల్లో విశాఖలో జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేసేవాణ్ని. నా సహచరుడు నూకరాజుది భీమిలిలో సముద్రం మీద వేట చేసే కుటుంబం. వలలో పడిన ఒక విషపు నత్త కుట్టి వాళ్ల చిన్నాన్న చెయ్యి చాలాకాలం చచ్చుబడింది. ఆ విషంలోని ప్రోటీన్ ఏమిటో తేల్చడమే నూకరాజు పరిశోధన.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఒక్కో ఆమ్లానికి ఒక్కో ఇంగ్లిషు అక్షరం గుర్తు. తెలియని చోట ఎక్స్ అని రాస్తాం. నూకరాజు గొలుసులో మూడు ఎక్స్‌లు మిగిలాయి. అంతలో సేకరించిన విషం అయిపోయింది. దగ్గరి జాతులను చూసి ఖాళీలు పూరించెయ్యమని మా గురువుగారు సూచించారు. చాలామంది చేసే పనే అది.

“తెలీందాన్ని తెలీదనే రాద్దాం బావా,” అన్నాడు నూకరాజు. “నత్త మళ్లీ దొరక్కపోద్దేటి? మా సిన్నాన్నని ఇంకోపాలి సెయ్యెట్టమందాం.”

అప్పుడప్పుడూ ఆ గొలుసును ఇంటర్నెట్‌లోని ప్రోటీన్ల డేటాబేస్‌లో వెతికేవాళ్లం. ఎక్కడెక్కడి పరిశోధకులో తేల్చిన గొలుసులన్నీ అందులో ఉంటాయి. మనదాన్ని పోలినవాటిని ఏరి చూపిస్తుంది. పూర్తిగా సరిపోలినది ఎన్నడూ రాలేదు.

ఆ వేసవిలో మలేరియా మెదడుకెక్కి నూకరాజు చనిపోయాడు. ఖాళీలున్న పని అచ్చుకాదు. అచ్చుకాకపోతే శాస్త్రంలో అతడి పేరు ఎక్కడా మిగలదు.

ఒక మధ్యాహ్నం, అలవాటు కొద్దీ, అదే గొలుసు వెతికాను. మొదటి వరుసలోనే పూర్తిగా సరిపోలిన ప్రోటీన్ కనిపించింది. మూడు ఎక్స్‌ల ఎదుట మూడు అక్షరాలు. నడిమిది ట్రిప్టోఫాన్ అనే అరుదైన ఆమ్లం. దగ్గరి జాతుల్లో దేనికీ ఆ చోట అది లేదు.

పక్క గదిలో ఉన్న గురువుగారికి ఆ అక్షరాలు చెప్పి, వెంటబెట్టుకొని వచ్చాను. తెర మీద ఆ పేజీ లేదు. మళ్లీ వెతికితే ఎప్పటిలాగే సరిపోలినది ఏదీ రాలేదు. డేటాబేస్ నిర్వాహకులకు రాశాను. అలాంటి ప్రోటీన్ తమ దగ్గర ఎప్పుడూ లేదన్నారు.

వానాకాలం తర్వాత చిన్నాన్న వలలో ఆ నత్తలు మళ్లీ పడ్డాయి. విషాన్ని వేరే ఊరి ప్రయోగశాలకు పంపాను. నేను చూసిన అక్షరాల సంగతి వాళ్లకు చెప్పలేదు. వాళ్లు తేల్చినవీ అవే మూడు.

ఊహించి ఉంటానా? ట్రిప్టోఫాన్‌ను ఎవరూ ఊహించరు. తర్వాత అల్లుకున్న జ్ఞాపకమా? ముందే విన్న గురువుగారున్నారు.

పరిశోధన పత్రం అచ్చయింది. భీమిలి వెళ్లి, చేపలు అమ్ముకుంటున్న నూకరాజు తల్లికి జరిగినదంతా చెప్పాను.

“ఆడి పేరే ముందేసినారా బాబూ?” అందామె.

“వాడిదే ముందమ్మా.”

“మరి ఆడు సెప్పకపోతే నీకెవులు సెప్తారు?” అని బేరంలో పడిపోయింది.

కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఔననడానికీ లేదు. ఇలాంటి ఫలితాన్ని ఎలా పరీక్షించాలో నాకంటే బాగా తెలిసినవాడు ఒక్కడుండేవాడు. అతణ్ని అడగలేను.