డ్రమ్ములో ఆడిన ఇంజిన్

2012 జూలై. భోగాపురం దగ్గర హైవే పక్కన నాకు ఔట్‌బోర్డ్ ఇంజిన్లు బాగుచేసే చిన్న షాపు ఉండేది. పడవ వెనక చెక్కకు బిగించి, ఫ్యాను నీళ్ళలోకి దించి నడిపే ఇంజిన్లవి. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మారుస్తారు. నేను పుట్టింది నెల్లిమర్లలో, జ్యూట్ మిల్లు కార్మికుడి ఇంట్లో. పన్నెండేళ్ళుగా సముద్రం మీద బతికేవాళ్ళ ఇంజిన్లు చూస్తున్నా, నాకు ఈత రాదు. అప్పటిదాకా ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

ఒకరోజు ఎర్రయ్య అనే మత్స్యకారుడు తన ఇంజిన్‌ని ఆటోలో వేసుకొచ్చాడు.

“ఏటయిందో తెలీదు మేస్త్రీ. నెమ్మదిగా ఎల్తే బాగానే ఉంటాది. గట్టిగా తిప్పితే సాలు, దగ్గుతాది, తుళ్ళుతాది, ఆగిపోతాది.”

వినగానే కార్బురేటర్ అనుకున్నాను. ఇంధనాన్ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం అది. దాని అడుగున బౌల్ అనే చిన్న గిన్నె, అందులో మెయిన్ జెట్ అనే ఇత్తడి ముక్క ఉంటాయి. జెట్ పెసరగింజ కన్నా కాస్త పెద్దది, మధ్యలో సూది మొనంత రంధ్రం. వేగం పెంచినప్పుడు ఇంజిన్ తాగేదంతా ఆ రంధ్రంలోంచే రావాలి.

విప్పి చూస్తే బౌల్ నిండా నల్లటి నలుసులు. కిరోసిన్ మడ్డి అనుకుని కడిగేశాను. ఇంధనంలో మురికిని ఆపే ఫిల్టర్ జాలీ చిరిగి ఉంది. కొత్తది నా దగ్గర లేదు. వచ్చే వారం తెప్పిద్దామని అదే బిగించేశాను. నీళ్ళ డ్రమ్ములో ఫ్యాను ముంచి, నా క్యాన్, నా ట్యూబు తగిలించి స్టార్ట్ చేస్తే ఒక్క దగ్గు లేకుండా ఆడింది.

“భయం లేదు. వెళ్ళిరా,” అన్నాను.

ఎనిమిదో రోజు పొద్దున ఎర్రయ్య భార్య లచ్చమ్మ ముందు నడుస్తూ, ఎర్రయ్య వెనక ఇంజిన్ మోసుకుంటూ వచ్చారు.

“నీ మాట నమ్మి ఎల్లినారు బాబూ. ఇంజిన్ నడిసంద్రంలో సచ్చిపోయింది. ఏరే పడవోల్లు తాడేసి లాక్కొచ్చినారు కాబట్టి సరిపోయింది. ఆల్లు అటు రాకపోతే ఏటి సేద్దుము?” అంది.

మళ్ళీ విప్పాను. మళ్ళీ అవే నలుసులు. కొత్త జాలీ ఇంకా తెప్పించలేదు. కడిగి డ్రమ్ములో పెడితే మళ్ళీ చక్కగా ఆడింది. లచ్చమ్మ ఆ డ్రమ్మును కాలితో తన్నింది.

“ఇందులో సూపించకు. ఆల్తో ఎల్లి నీళ్ళ మీద సూపించు.”

పనిముట్ల సంచి తీసుకుని వాళ్ళతో బయల్దేరాను.

పడవలో ముగ్గురమే. ఎర్రయ్య, అతని బావమరిది దానయ్య, నేను. ఒడ్డున విరిగే కెరటాలు దాటేటప్పుడు పడవ ముక్కు ఆకాశంలోకి లేచి దబ్బున కింద పడింది. రెండు చేతులతో అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. దానయ్య నవ్వాడు.

“మేస్త్రికి ఇదే మొదలేటి?”

కెరటాలు దాటాక ఎర్రయ్య కిరోసిన్‌కి మార్చి వేగం పెంచాడు. ఇరవై నిమిషాలు బాగా నడిచింది. తర్వాత దగ్గింది, తుళ్ళింది. ఆపైన ఏ చప్పుడూ లేదు. ఇంజిన్ ఆగితే సముద్రం అంత దగ్గరగా వినిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

గాలి ఒడ్డు వైపుకే వీస్తోంది. మంచిదే కదా, ఒడ్డుకే పోతాం కదా అన్నాను. ఎర్రయ్య నవ్వలేదు. దక్షిణంగా వేలు చూపించాడు. అక్కడ ఒడ్డుకి ముందే నల్లరాళ్ళ వరస మీద నీళ్ళు తెల్లగా పగులుతున్నాయి.

“గాలి మనల్ని అక్కడికే తోస్తాంది మేస్త్రీ. బేగి సూడు.”

దానయ్య లంగరు వేశాడు. అది ఇసుకలో పట్టకుండా జారుతూనే ఉంది. ఇద్దరూ తెడ్లు పట్టారు.

నేను తువ్వాలు ఒళ్ళో పరిచి కార్బురేటర్ బౌల్ విప్పాను. పడవ ఊగినప్పుడల్లా స్పానర్ జారిపోతోంది. జెట్ తీసి వేళ్ళ మధ్య పట్టుకున్నాను. అది నీళ్ళలో పడితే ఇక చేసేదేమీ లేదు. జెట్‌ని పెదాల మధ్య పెట్టుకుని, రాగి వైరులోంచి ఒక పోగు లాగాను. రంధ్రం పొడిచి, బిగించి తాడు లాగాను. స్టార్ట్ అయింది. దానయ్య కేక పెట్టి లంగరు పైకి లాగేశాడు. పట్టుమని నిమిషం కాలేదు, మళ్ళీ ఆగిపోయింది.

ఇప్పుడు రాళ్ళ చప్పుడు వినిపిస్తోంది. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న ప్రార్థన మొదలుపెట్టి, సగంలో మాటలు మర్చిపోయాను. మా అమ్మాయి జడలు గుర్తొచ్చాయి. ఆ పొద్దున రిబ్బను ముడి సరిగ్గా రాలేదని ఏడుస్తుంటే విసుక్కున్నాను.

అప్పుడు నా కళ్ళు ట్యాంకు మీద పడ్డాయి. షాపుకి ఎప్పుడూ ఇంజిన్ ఒక్కటే వచ్చేది. ట్యాంకూ ట్యూబూ పడవలోనే ఉండేవి. నేను వాటిని చూడటం అదే మొదటిసారి. కిరోసిన్ ట్యాంకు నుంచి వస్తున్న ట్యూబు లావుగా, మెత్తగా ఉబ్బి ఉంది.

“ఎర్రయ్యా, ఈ ట్యూబు ఎక్కడిది?”

“పాతది పగిలిపోతే నీళ్ళ పైపు ముక్క ఏసినాను. ఏటి, ఏసీకూడదా?”

కత్తి అడిగి ట్యూబుని నిలువునా చీల్చాను. లోపలి రబ్బరు కిరోసిన్‌కి నాని, నల్లటి పొరలుగా ఊడి వస్తోంది. వేగం పెంచినప్పుడల్లా ఆ ముక్కలే చిరిగిన జాలీలోంచి పోయి జెట్‌లో ఇరుక్కుంటున్నాయి. డ్రమ్ములో ఆడినప్పుడు ఆ ట్యూబు లేదు. అందుకే ఆడింది.

పెట్రోలు డబ్బా ట్యూబు మాత్రం అసలుది. డబ్బాలో లీటరు పైన ఉందేమో. మూడోసారి జెట్ విప్పి, పొడిచి, బౌల్ తుడిచి, ఆ ట్యూబునే ఇంజిన్‌కి తగిలించాను. రాళ్ళ మీద విరిగిన తుంపర మా మొహాల మీద పడుతోంది. దానయ్య తెడ్డు వదిలేసి దణ్ణం పెడుతున్నాడు.

తాడు లాగాను. అందుకోలేదు. రెండోసారీ అందుకోలేదు. మూడోసారి ఎర్రయ్య నన్ను పక్కకి నెట్టి తనే లాగాడు. ఇంజిన్ అందుకుంది.

“గట్టిగా తిప్పకు, సగమే,” అని అరిచాను.

పడవ రాళ్ళకి వీపు తిప్పింది. ఒడ్డు చేరేదాకా ఎర్రయ్య సగం వేగం దాటనివ్వలేదు.

ఇసుకలో దిగగానే కూలబడిపోయాను. ఎర్రయ్య పక్కన కూర్చుని బీడీ వెలిగించుకోబోయాడు. అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది.

“తప్పు నాదే ఎర్రయ్యా. జాలీ చిరిగిందని తెలిసీ బిగించాను. నలుసులు ఎక్కడివో కనుక్కోకుండా కడిగి పంపేశాను. నీ ట్యాంకు, ట్యూబు ఎలా ఉన్నాయని ఒక్క మాట అడగలేదు.”

అతను బీడీని చెవి వెనక దోపుకున్నాడు.

“నువ్వు అడగనేదు, నాను సెప్పనేదు. ఇద్దరం కలిసి నా బావమరిదిని సంపీబోయినాం,” అన్నాడు.

ఆ సాయంత్రమే కొత్త జాలీ కోసం విశాఖ బస్సెక్కాను. అప్పటి నుంచి ఎవరి ఇంజిన్ వచ్చినా వాళ్ళ ట్యాంకూ ట్యూబూ తెమ్మంటాను, వాటితోనే నడిపి చూస్తాను. మురికి కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా ఇంజిన్ బయటికి పంపను. విసుక్కునేవాళ్ళున్నారు, వేరే మెకానిక్ దగ్గరికి పోయినవాళ్ళూ ఉన్నారు. పోనీ అనుకుంటాను. ఇంజిన్ ఎందుకు ఆగిందో తెలీకుండా దాన్ని ఆడించగలగడం పనితనం కాదని, రాళ్ళకి అంత దగ్గరగా వెళితే గానీ నాకు తెలిసిరాలేదు.