నాన్న రెప్పల మీది వెండి

మెరిసే రెప్పలతో స్టేజీ ఎక్కాల్సిన పిల్లని పావుగంటలో రెండు కళ్ళూ కమిలిపోయిన పిల్లలా మార్చడం ఎలాగో తెలుసుకోవాలంటే మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు. ఈ విద్యలో భిలాయి మొత్తానికి నన్ను మించినవాళ్ళు లేరు.

తొంభైల్లో మాట. మాది సెక్టర్ 7లో కింది క్వార్టరు, మా పైన మీనా దీదీ. పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేయడం ఆవిడ పని. ఆవిడ ఐషాడో వేస్తుంటే చూడాలి, అబ్బ! లేత రంగు రెప్ప నిండా, ముదురు రంగు కంటి కొసన అద్ది, ఉంగరం వేలితో రెండింటినీ కలిపేసేది. ఏ రంగు ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ మొదలైందో కనిపెట్టడం మీ తరం కాదు, నా తరం అసలే కాదు. ఆ వేలిని చూస్తూ నేను ట్యూషన్లు ఎగ్గొట్టిన రోజులున్నాయి.

"నన్నూ నీతో తీసుకెళ్ళవా దీదీ" అని ఏడాదిపాటు ప్రాణం తీశాక ఆవిడ నాకో పరీక్ష పెట్టింది. మా పక్కింటి పద్మ ఆ ఉగాదికి మొదటిసారి ఒక్కతే నాట్యం చేస్తోంది. అదే రోజు దీదీ పక్కనున్న రిసాలిలో ఒక పెళ్ళికూతుర్ని ముస్తాబు చేయాలి.

"పద్మా కీ ఆంఖేం తూ కర్. అచ్ఛా కియా తో కల్ సే మేరే సాథ్" అని పద్మ కళ్ళు నాకప్పగించి, తన పాత రంగుల పెట్టె చేతిలో పెట్టి వెళ్ళింది. బాగా వేస్తే రేపట్నుంచి నేను దీదీ అసిస్టెంటుని. నా నడకే మారిపోయింది.

మధ్యాహ్నం పద్మని కూర్చోబెట్టి పెట్టె తెరిస్తే వెండి రంగు గడి ఖాళీ. పద్మ బట్టలకేమో అంతా వెండి జరీ.

సరిగ్గా అప్పుడే మొదటి షిఫ్టు దిగి మా నాన్న వచ్చాడు. ఆయన స్టీలు ప్లాంటులో కరిగిన ఇనుము దగ్గర పనిచేసేవాడు. అక్కడ గాల్లో తేలే నలుసులు మొహాన పడి, ఇంటికొచ్చేసరికి ఆయన రెప్పలు తళతళలాడేవి. నాకది ఎంత ముచ్చటో. లోకంలో నాన్నలందరూ మెరుస్తారనే అనుకునేదాన్ని చిన్నప్పుడు. నాన్న స్నానానికి వెళ్ళగానే ఆయన మొహం తుడుచుకున్న కర్చీఫు కాగితం మీద దులిపాను. చిటికెడు వెండి రాలింది.

"ఏటే అది?" అంది పద్మ.

"ఇంపోర్టెడ్."

రెప్పల మీద అద్దాను. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం చుక్కల్లా మెరిశాయి. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? గీత కనబడకూడదని దీదీ చెప్పిన పాఠం గుర్తొచ్చి, ఉంగరం వేలితో రుద్దాను. బూడిద రంగయింది. ఇంకాస్త రుద్దాను. నల్లబడింది.

"అయిందా?"

"కొంచెం కలపాలి."

"ఎంతసేపు కలుపుతావే, అది ఐషాడోనా, ఆవకాయా?"

"మాట్లాడకు, రెప్ప కదుల్తోంది."

సబ్బు పెట్టాను. నలుపు బుగ్గల దాకా దిగింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను రెప్పకి రంగేస్తే ఉన్న కళ్ళే కనబడకుండా పోయాయి.

పద్మ అద్దం లాక్కుని చూసుకుంది. అరిచినా బాగుండేది. "మూడ్నెల్లు ప్రాక్టీస్ చేశాను యార్" అంది చిన్న గొంతుతో.

నాన్న తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఏటమ్మా పద్మా, నువ్వు కూడా షిఫ్టుకెల్లొచ్చీసినావేటి?" అని నవ్వబోయి, బల్ల మీద కర్చీఫు చూసి ఆగిపోయాడు.

"ఓలమ్మ, ఇది గ్రాఫైటే పిల్లా. పెన్సిల్ ముల్లు దీంతోటే సేస్తారు. రుద్దితే నలుపవదేటి? కంట్లో పడుంటే ఏటయ్యేది?"

నాన్న గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. తర్వాత ఆయనే ముక్కాలిపీట లాక్కుని పద్మ ఎదురుగా కూర్చున్నాడు. "కళ్ళు మూసుకో తల్లీ." కొబ్బరినూనెలో ముంచిన దూది, పెద్ద పెద్ద వేళ్ళు. ముక్కు వైపు నుంచి చెవి వైపుకి, నెమ్మదిగా, ఒక్కటే వైపు. ఇరవై ఏళ్ళుగా రోజూ తన రెప్పలకి చేసుకుంటున్న పనే అది. దీదీ వేలికి ఈ భూమ్మీద జోడు లేదనుకున్నాను, ఇంట్లోనే ఉంది.

"ఇంకా కొసన కొంచెం ఉండిపోనాది. ఇది రేపటిగ్గానీ పోదు" అన్నాడు అపరాధిలా, తప్పు తనదైనట్టు.

పద్మ ఆ కళ్ళతోనే స్టేజీ ఎక్కింది. లైట్లు పడగానే కంటి కొసల్లో మిగిలిన ఆ నలుపు సన్నటి పొగలా, లోపలికి వచ్చేకొద్దీ పలచబడుతూ కనిపించింది. జనం చప్పట్లు ఆపలేదు. రిసాలి నుంచి వచ్చిన దీదీ నా భుజం పట్టుకుంది.

"యే షేడింగ్ తూనే కీ?"

ఆ షేడింగ్ నేనే చేశానంటే ఉద్యోగం నాదే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పక్కనే నాన్న ఉన్నాడు, గోళ్ళ సందుల్లో ఇంకా ఆ నలుపుతో.

"పాపా నే కీ" అని నాన్నని చూపించాను.

దీదీ నన్ను వదిలేసి ఆయన వేళ్ళనే కాసేపు చూసి, చాలా మర్యాదగా అడిగింది: "అంకుల్, ఆప్ రిటైర్ కబ్ హో రహే హైం?" రిటైరయ్యేదెప్పుడట! నా అసిస్టెంటు ఉద్యోగం కాస్తా నాన్న వైపు నడిచింది.

కనుక పాఠక మహాశయులారా, కర్చీఫు సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇక ఈ జన్మలో మా నాన్న మొహం మీద మెరిసేది ఏదైనా సరే, ఆయన మొహం మీదే మెరవనిస్తాను.