దిబోర్ తిండి కుప్ప

దిబోర్ చెయ్యి ఊరికే లేవదు, లేచిందంటే ఊరికే దిగదు. ఈ సంగతి మా సెరేర్ తెగ పల్లెలో అందరికీ తెలుసు. కొందరికి పళ్ళు రాలాక తెలిసింది.

పదహారేళ్ళప్పుడు, తన వేరుశనగ కుప్పలోంచి బస్తా లాక్కుపోతున్న దళారిని చేట అంచుతో ముక్కు మీద కొట్టింది. ఆ ముక్కు మళ్ళీ తిన్నగా నిలవలేదు. పెళ్ళయిన నాలుగో ఏట, ఆమె దాచుకున్న కాయలు కూడా లారీ ఎక్కించాలని మొగుడు చెంప పగలగొడితే, చెవి కొరికి తమ్మె ఆయన చేతిలో పెట్టింది. ఆ తరువాత పాతికేళ్ళు ఇద్దరూ సుఖంగానే కాపురం చేశారు. ఆయన పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది దిబోరే.

ఈ కొట్లాటలన్నీ ఒక్కదాని కోసం. మా దగ్గర మగవాళ్ళ చేలో పండిన వేరుశనగ లారీకి పోతుంది, ఆడదాని పొలం చెక్కలో పండింది ఆమెదే. దిబోర్ తన చెక్కలో కాయంతా తిండికే ఉంచుతుంది. చిన్నప్పుడు ఆమె పుట్టింట్లో వారానికి ఆరు రోజులు వేరుశనగ ముద్ద కలిపిన పులుసే. కాపురానికి వచ్చేనాటికి నాలుగు రోజులయింది. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో రెండు. తరువాత వానలొచ్చాయి, పంటా వచ్చింది, కానీ కాయ ఒలవకముందే సముద్రం దాటించే వ్యాపారులూ వచ్చారు. పంట పెరిగినకొద్దీ కుండలో ముద్ద తగ్గిన ఊరు మాది. దీన్ని ఏమనాలో నాకు బూతు తప్ప మరో మాట తోచదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో శుక్రవారం ఒక్కరోజే పులుసు, మిగతా రోజులు సజ్జ సంకటీ ఆకూ. జూలై, ఆగస్టు ఆకలి నెలల్లో అదీ ఉండదు. దిబోర్ ఇంట్లో తొమ్మిదిమంది ఆ రెండు నెలలూ ఆమె కుప్ప మీదే బతుకుతారు.

సాంబెల్ ఫులానీ తెగవాడు, పశువుల కాపరి. ఫులానీలకూ మాకూ తాతల నాటి నుంచి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే నువ్వు బానిస, నేను దొర అని తిట్టుకోవాలి, తిట్టు తగిలితే నవ్వాలి. ఒకరి నెత్తురు ఒకరు కళ్ళచూడకూడదు. దిబోర్, సాంబెల్ ముప్పై ఏళ్ళుగా ఇలాగే తిట్టుకుంటున్నారు. ఆమె ముద్ద పంపేది, అతను పెరుగు పంపేవాడు.

ఆ నవంబరులో ఒక సాయంత్రం సాంబెల్ ఆమె చెక్క దగ్గరికి వచ్చాడు. పీకిన మొక్కలు కాయలతో సహా కుప్ప వేసి ఉన్నాయి. కోతలైన చేలల్లోకి పశువుల్ని వదలమని ఊరిపెద్ద ఇంకా చాటించలేదు.

"ఏమే చెనక్కాయల బానిసా, ఇంకా చావలేదా?"

"నిన్ను సాగనంపి పోదామని ఆగానురా, పాలదొంగా. ఏం, ఆవులు బాగున్నాయా?"

"ఎముకలు బాగున్నాయి. మూడు చచ్చినాయి."

"నీ మొహం చూసి చచ్చుంటాయి."

సాంబెల్ నవ్వాడు, సగమే. "రేపు నీ కుప్ప మీదికి తోలతా. ముందే చెప్తున్నా, తర్వాత ఏడవొద్దు."

"తోలరా తోలు! దొరగారి ఆవులొస్తే బానిస అడ్డమొస్తుందా?"

"నిజంగా తోలతా, దిబోర్."

"నిజంగానే తోలు. పేడ మాత్రం ఎత్తుకుపోకు, అది నాకు కావాలి."

ఏటా అతను ఆ మాటే అంటాడు, ఏటా ఆమె ఈ జవాబే చెబుతుంది. ఇదివరకు కాయ రాల్చాక మిగిలిన ఎండుమేత చేలోనే పడి ఉండేది, ఆవులు మేసేవి. ఇప్పుడు దాన్నీ మోపులు కట్టి పట్నం గొర్రెలకు అమ్ముకుంటున్నాం. సాంబెల్ మంద ఏం తింటుందో మాలో ఎవరూ అడగలేదు. చెయ్యి చాపి అడగటానికి ఆ చుట్టరికంలో అతనికి మాట లేదు. తిట్టగలడు, అంతే.

మర్నాడు దిబోర్ సంత నుంచి తిరిగొస్తుంటే మిట్టమధ్యాహ్నం. దూరం నుంచే కొమ్ములు కనబడ్డాయి. ముప్పై ఆవులు కుప్పలో తలలు దూర్చి కాయా ఆకూ ఒక్కటిగా నములుతున్నాయి. గంప విసిరేసి పరుగెత్తింది.

ఆమె కొడుకు బిరామ్ గొడ్డలితో ముందే చేరాడు. మొదటి వేటుకే ఒక ఆవు వెనక కాలి నరం తెగి కూలబడి అరిచింది. రెండో ఆవు మెడ మీద గొడ్డలి దిగబడి ఊడిరాలేదు. అది పిడితో సహా పరుగెత్తింది. సాంబెల్ ఏడుస్తూ వచ్చి కర్రతో బిరామ్ తల మీద బాదాడు. బిరామ్ పడ్డాడు. చెవిలోంచి నెత్తురు కారి కాయల మీద పడింది. సాంబెల్ మళ్ళీ కర్ర ఎత్తాడు.

కాయ రాల్చే దుడ్డుకర్ర దిబోర్ చేతికి అందింది. మొదటి దెబ్బకు సాంబెల్ మోచెయ్యి విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది. రెండో దెబ్బకు అతను వెల్లకిలా పడ్డాడు. మూడోసారి కర్ర లేచినప్పుడు, విరగని చెయ్యి అడ్డం పెట్టి అరిచాడు.

"ఆగవే బానిసా! నేనే, నీ దొరనే!"

ఆ పిలుపు వింటే ఏ సెరేర్ చెయ్యయినా ఆగుతుంది. అతనూ ఆగుతుందనే నమ్మాడు. దిబోర్ చెయ్యి ఆగలేదు. ఆ దెబ్బకు అతని ఎడమ కన్ను పోయింది.

పంచాయతీలో సాంబెల్ కట్టుకట్టిన తలతో ఒకటే మాట అన్నాడు. "రెండుసార్లు చెప్పా. తోలమంది."

"ఏటా అంటాంగదయ్యా!" అని దిబోర్ అరిచింది. "నీ ఆవులకు మేత లేదని ఒక్క ముక్క చెప్పలేకపోయావా? సగం కుప్ప నేనే ఇచ్చేదాన్ని!"

"మూడు చచ్చినాయని చెప్పా. ఎగతాళి చేశావు."

ఊరిపెద్ద కంటికీ కుప్పకూ చెల్లన్నాడు. బిరామ్ బతికాడు కానీ ఒక చెవి వినబడదు. జూలైలో ఇద్దరూ ఒకే గిన్నెలో తిని పగ విడవాలని తీర్పు.

మిగిలిన మూడోవంతు కాయ మే దాకా కూడా రాలేదు. జూలై విందుకని పిల్లల ఏడుపు వింటూనే ఒక డొప్పెడు గింజలు దాచింది. ఆ రోజు మొత్తం వేయించి, దంచి, పులుసులో కలిపింది. ఊరు ఊరంతా వాకిట్లో నిలబడింది.

సాంబెల్ ఒంటికన్నుతో వచ్చాడు, చెయ్యి కడుక్కున్నాడు, తిన్నాడు. అందరూ అతని తిట్టు కోసం ఎదురుచూశారు. రాలేదు. దిబోరే మొదలుపెట్టింది.

"ఏరా పాలదొంగా, గాడిదల తిండి ఎట్లా ఉంది?"

సాంబెల్ తల దించుకున్నాడు. "చాలా బాగుందమ్మా. మీకు శ్రమ ఇచ్చాను."

ముప్పై ఏళ్ళలో అతను ఆమెను మీరనటం అదే మొదలు.

"తిట్టరా," అంది దిబోర్.

"ఎంత మాటమ్మా. సెలవిప్పించండి."

పిల్లలు గిన్నె మీద పడ్డారు. దిబోర్ దడి దాకా అతని వెంట పరుగెత్తింది. "బానిసా అనరా! ఒక్కసారి అనిపోరా!" అని అరుస్తూనే ఉంది. సాంబెల్ వెనక్కి తిరిగి, వంగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఊరి పెద్దావిడకు పెట్టినట్టు ఆమెకు దండం పెట్టి, తన మంద వైపు వెళ్ళిపోయాడు.