ఒకే ఇంట్లో విడివిడిగా

"ఇద్దరూ ఒప్పుకొని విడాకులు తీసుకోవాలంటే ఏడాదిగా విడివిడిగ ఉండాలె," అన్నారు లాయరమ్మ. మేం ముఖాలు చూసుకున్నాం. ప్రగతి నగర్ ఫ్లాట్‌లో ఇంకా ఇద్దరం ఉంటున్నాం.

"ఒక్క ఇంట్ల ఉన్నా, భార్యాభర్తల్లెక్క బతకకపోతే చట్టానికి విడిగ ఉన్నట్టే."

ఆ మాటతో ఏడాదంతా కళ్ల ముందు మెల్లగా కదిలింది. అతను నైట్ షిఫ్ట్ నుంచి వచ్చే వేళకు నేను ఆఫీసు బస్సులో ఉండేదాన్ని. సెలవు రోజుల్లో పక్క గదిలోంచి అతని ఫ్యాన్ చప్పుడు, ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు వినిపించేది.

"జర ఆలోచించుకుంటరా?"

"వద్దండీ, పిటిషన్ వేసేయండి," అన్నాడతను. నేను తలూపాను.

ఆర్నెల్ల తర్వాత జడ్జిగారు మళ్లీ అడిగితే, ఇష్టపడే విడిపోతున్నామని చెప్పాం. విడాకులు మంజూరయ్యాయి.

కోర్టు బయట అతను అలవాటుగా, "పద, ఇంటికెళ్దాం," అన్నాడు. అప్పటికే నేను నిజాంపేటలో గది తీసుకున్న సంగతి మర్చిపోయి, ఇద్దరం కొంతదూరం కలిసే నడిచాం.