దీపం పగలకూడదన్న రూలు

మా ఆవిడకు కోపం ముక్కుమీదే ఉంటుంది. నాకు అంతకంటే ఎక్కువ. మా ఇంట్లో ఉన్న శాంతమంతా మా అమ్మదే, ఆ ఆదివారం వరకు.

మా ఆవిడ ఉద్యోగం గురించి చెబితే బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. ఒక కంప్యూటర్ ఆటకు రూల్స్ రాస్తుంది. ఆ ఆటలో జనం పాతాళ గుహల్లోకి దిగి, రాక్షసులతో తలపడి, దొరికిన లోహాలతో, మణులతో మంత్రాల కత్తులు, ఉంగరాలు, దీపాలు చేసుకుంటారు. ఏ మణి ఏ లోహంలో ఇముడుతుంది, కొలిమి ఎంత కాగాలి, చేసినవాళ్ళ పేరు వస్తువు మీద ఎక్కడ పడాలి, అన్నీ తనే తేల్చాలి. అందులో తను ప్రాణం పెట్టుకున్న రూలు ఒక్కటే: మణి పొదగడం కుదరకపోతే మణి పోతుంది, వస్తువు మాత్రం పగలదు. "కష్టపడి చేసుకున్నదాన్ని లాక్కోవడానికి మనమెవరం?" అనేది.

ఆ ఆట మా అమ్మ కూడా ఆడేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడ్డాక, ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతిని అమ్మ మంచం కిందకు తోసేసింది. కోడలు ఆ చేతిలో మౌస్ పెట్టి పక్కన కూర్చుంది. వేసవంతా కిందామీదా పడి అమ్మ ఆ కుడిచేత్తోనే ఒక దీపం చేసింది. కొలిమి దగ్గర చెయ్యి వణికి ఎన్నిసార్లు చెడిందో లెక్కలేదు. అది వెలిగిన రోజు ఎదురింటావిడను పిలిచి మరీ చూపించింది, దాని మీద తన పేరుతో సహా.

ఇంతలో ఆఫీసులో మేనేజరు కన్ను ఆ రూలు మీద పడింది. "పగిలితేనే మళ్ళీ తవ్వుతారు, ఆటలోనే పడి ఉంటారు" అన్నాడట. మీటింగులో మా ఆవిడ గొంతు చించుకుంది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, నువ్వు రాయకపోతే ఇంకొకరు రాస్తారన్నాడు. చివరికి వస్తువు కూడా పగిలేలా తనే రాసింది. బయట ఎవరికీ చెప్పకూడదన్నారు. ఇంటికొచ్చి గిన్నెలు విసిరింది తప్ప నోరు విప్పలేదు. శనివారం కొత్త రూలు ఆటలోకి వచ్చేసింది. అమ్మకు ఎలా చెప్పాలా అని మా ఆవిడ తటపటాయిస్తూ ఉండగానే తెల్లారింది. ఆ మేనేజరును తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆవిడను తలుచుకున్నా మండుతుంది.

ఆదివారం పొద్దున్నే అమ్మ ఇంకో మణి పొదుగుదామని దీపాన్ని కొలిమిలో పెట్టింది. కోడలి మాట మీద అంత నమ్మకం. మణితోపాటు దీపం కూడా ముక్కలైపోయింది.

అమ్మ కోడలిని పిలిచి తెర చూపించింది. "ఏమ్మా, దీపం పోదన్నావుగా?"

"రూలు మారిందత్తయ్యా."

"ఎవరు మార్చారు?"

మా ఆవిడ తల వంచుకుంది. "నేనే రాశాను."

"మరి నాకు చెప్పలేదే?"

"ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దన్నారు."

"నేను నీకు ఎవరోనా?"

"అత్తయ్యా, రేపు ఆఫీసుకి వెళ్ళగానే సరిగ్గా అలాంటిదే ఇప్పిస్తాను. మీ పేరుతోనే."

అమ్మ గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. "చేసుకున్నదాన్ని పగలగొట్టి, ఇప్పుడు ముష్టి వేస్తావా? నువ్వు ఇచ్చేది నాకెందుకు? నేను చేసింది కావాలి నాకు."

నేనూ మా ఆవిడను తిట్టబోయి ఆగిపోయాను. అమ్మ మౌసును పక్కకు నెట్టేసి, ఎడమచేత్తో కంప్యూటర్ కట్టేసింది.